సత్తవ్వకు ఆకలైంది

మేడిపల్లిల రాజమల్లు ఇంట్ల ఆకలి ఒక్కనికే అయ్యేది. అది రాజమల్లుకు.

ఆయన తాత కల్లు గీసుటానికి తాళ్లెక్కిండు, తండ్రి తాళ్లెక్కిండు. రాజమల్లు పెరిగెటాల్లకు ఊళ్లె తాళ్లు తక్కువై, ఎక్కెటోళ్లు ఎక్కువైన్రు. తాళ్లెక్కే తండ్రి మోకును రాజమల్లు అటుక మీద పడేసి, కోరుట్ల తొవ్వల ఉన్న రైస్ మిల్లుకు పోయి బస్తాల కింద వీపు పెట్టిండు. ఐదో తరగతిల బడి ఇడిసిన మనిషికి వీపు తప్ప అడిగేదేముంటది. అప్పటిసంది ఆయనకు లోకంల అందరి మీద కోపమే. మిల్లు సేటు మీద కోపం, లారీ డ్రైవర్ల మీద కోపం, ఎండ మీద కోపం. కోపానికి సుత తిండి కావాలె గద. పొద్దుగూకి ఇంటికొచ్చెటాల్లకు ఆకలి ఆయనకంటె ముందుగాల గడప దాటేది.

"తలె పెట్టు!" అనుకుంటనే చెప్పులు ఇడిసెటోడు.

ఆయన పెండ్లాం సత్తవ్వ అర్గు మీద కూసొని ఉండేది. ఒళ్లె చాట, చాటల కత్తిరించిన తునికాకు, ఓ మూలకు తంబాకు కుప్ప. లేసి చేతులు కడుక్కొని, బువ్వ పెట్టి, కూర పోసి, మల్ల చాట ముంగట కూసునేది. వేళ్లు బీడీలు చుడుతుంటె కండ్లు మొగని తలె మీద ఉండేటియి.

"నువ్వు తినవా?" అని ఆయన అడిగెటోడు, నోట్లె బుక్క పెట్టుకొని.

"నువ్వు తినయ్యా. నాకెక్కడి ఆకలి."

ఈ మాట ముప్పై ఏండ్లు నడిచింది. రాజమల్లు దీన్ని మిల్లుల గొప్పగ చెప్పుకునెటోడు. "మా ఇంటిదానికి దేవుడు కడుపు పెట్టుడు మర్సిపోయిండు రా. పిట్ట తిన్నట్టు తింటది" అని. "నసీబున్నోనివి మల్లన్నా, మా ఇంట్ల కుండకు మూత పెట్టనియ్యరు" అని తోటి హమాలీలు నవ్వెటోళ్లు. పిట్టంత తినుడే కాదు, ఆమె పిట్టంతనే ఉండేది. రోహిణి ఎండలల్ల సుత దుప్పటి కప్పుకునేది. "ఆ కూలరు బంజెయ్యయ్యా, సలి పెడుతంది" అనేది. కూసున్నకాడ కండ్లు మూసుకపోయేటియి. కొందరి తత్వం గంతే అనుకున్నడు రాజమల్లు.

ఈ ఎండకాలం మొదట్ల సత్తవ్వ కంటికి పొరొచ్చింది. జగిత్యాలల ఆపరేషన్ చేసిన్రు. కన్ను కుదురుకునేదాక దుమ్ముల ఉండద్దు, తంబాకు అసలే ముట్టద్దు అన్నరు. చాట సజ్జ మీదికెక్కింది. పనిలేక సత్తవ్వ చేతులు ఊకె కొంగును చుట్టి ఇప్పి చుట్టి ఇప్పి, నల్ల అద్దాలు పెట్టుకొని అర్గు మీద కూసుండేది. పక్కింటి ఊర్మిల తన చాట పట్టుకొని వచ్చి జర దూరం కూసొని ముచ్చట పెట్టేది.

ఇది జరిగిన కొన్నాళ్లకు, ఓ పగటిపూట మిల్లుల మోటరు కాలింది. హమాలీలను ఇంటికి పొమ్మన్నరు. రాజమల్లు వస్తె అర్గు మీద ఎవ్వరు లేరు. వంటింట్ల గిన్నె చప్పుడైంది. కుక్క సొచ్చిందనుకొని కట్టె అందుకొని మెల్లగ పోయిండు.

పొయ్యికాడ, గోడ దిక్కు మొఖం పెట్టి, సత్తవ్వ కూసున్నది. ముంగట బువ్వగిన్నె. దాంట్ల పొద్దటి బువ్వ, మామిడికాయ తొక్కు, మీద పచ్చినూనె. తలెల పెట్టుకునేదాక సుత ఆగలేదు. బుక్క మీద బుక్క కొడుతున్నది. మోచేతిదాక నూనె కారుతున్నది.

"ఎవ్వలే అది?" అన్నడు, తెలిసే.

ఆమె ఉలిక్కిపడి గిన్నెను కొంగు కిందికి గుంజింది. నోరు నిండుగున్నది. మింగలేదు, ఊంచలేదు.

"కుక్క సొచ్చిందనుకున్న."

కష్టం మీద మింగింది. "కుక్కనే" అన్నది. "మొరుగుతలేను, గంతే."

రాజమల్లు కట్టె కింద పడేసి నవ్విండు. అట్ల నవ్వి ఎన్నేండ్లైందో ఆయనకే తెల్వది. ఎదురుంగ కూలబడి, "తిను, తిను. దాసుకునుడు ఎందుకు?" అన్నడు.

"నాకు సిగ్గైతుందయ్యా. కడుపుల ఎవ్వలో కూసొని గీకుతున్నట్టుంటది. పొద్దుగాల తింట, పొద్దెక్కెటాల్లకు మల్ల మొదలు. మన బిడ్డ కల్పన కడుపుల పడ్డప్పుడు సుత గిట్ల కాలే."

ఊర్మిలకు సంగతి తెల్వకుంట ఉంటదా? గోడ మీదికెల్లి ఇనే చెవులు ఆమెయి. "కొత్త కన్ను పెట్టిన్రు గదన్నా" అని తేల్చింది. "ఇన్నొద్దులు కూర అక్కకు మసకమసకగ కనబడె. ఇప్పుడు కారం ఎర్రగ, బువ్వ తెల్లగ కనబడుతుంటె కడుపు అడుగదా మరి?"

"కనబడ్డదల్ల తినేటట్టైతె, నీ మొగడు పొద్దంత టీవీల చికెన్ సూస్తడు, ఆనికేం బలమచ్చింది?" అన్నడు రాజమల్లు. ముగ్గురు నవ్విన్రు.

ఆ నవ్వు రాత్రి బువ్వదాకనే ఉన్నది. సత్తవ్వ రెండోసారి పెట్టుకున్నది. మూడోసారికి గంటె ఎత్తింది. ఆ గంటెను సూసుకుంట రాజమల్లు చెయ్యి తలెల ఆగిపోయింది.

ఆయన తల్లి దేవవ్వ ఆఖరి రోజులల్ల గిట్లనే తిన్నది. జీవితమంత బుక్కెడు తిన్న మనిషి, ఉన్నట్టుండి గిన్నెలు నాకింది. ఎంత తిన్నా ఎండుకపోయింది. కాలికి ముల్లు గుచ్చుకుంటె పుండు మానలే. వేలు తీసిన్రు, పాదం తీసిన్రు, ఆఖరికి మనిషే పోయింది. షుగరన్నరు. ఆకలే దాని మొదటి గుర్తు అన్నరు. అంత ఐనంక చెప్పిన్రు.

దవాఖానకు తీస్కపోవాలె. రాజమల్లుకు తెల్వక కాదు. కాయితం మీద రాస్తె నిజమైతదని ఆయన భయం. తనే తెలివిగల్లోడనుకొని సొంత వైద్యం మొదలుపెట్టిండు. బియ్యం డబ్బా పైకెక్కిచ్చి జొన్నపిండి తెచ్చిండు. రాత్రికి ఆమెకు ఒక్క రొట్టె. ఆమె రెండోదానికి చెయ్యి చాపితె, "చాలు తియ్యి, అరగదు" అని బుట్ట అవతలికి జరిపిండు. పండ్లమ్మేటోడు వస్తె పొమ్మన్నడు. చాయల శక్కరెయ్యనియ్యలే. మామిడికాయ తొక్కు జాడీ ఊర్మిల ఇంట్ల పెట్టొచ్చిండు. ఎందుకని ఆమె అడుగలేదు, ఆయన చెప్పలేదు. ఆమె మొఖం దినదినం మూసుకపోయింది.

సిరిసిల్లకెల్లి బిడ్డ ఫోను చేసింది. కల్పనను అక్కడ సాంచాల మీద బట్ట నేసే పిలగానికి ఇచ్చిన్రు. ఫోన్ల ఎనుక సాంచాల మోత, ఆ మోతను దాటి ఆమె గొంతు.

"బాపూ, అవ్వకు బువ్వ పెడ్తలేవట?"

"ఎవ్వలు చెప్పిన్రే?"

"ఎవ్వలు చెప్తరు? ఆమె చెప్పకుంట ఏడ్సింది, నేను గుంజి అడిగిన. ముప్పై ఏండ్లు నీ తలెల కూర ఒడువకుంట సూసిన మనిషి. ఇయ్యాల ఓ రొట్టె ఎక్కువ తింటె నీకు కండ్లు మండుతున్నయా?"

"నీకు తెల్వదు, ఊకో."

"తెల్వకుంటె చెప్పు!"

చెప్తె బిడ్డ సుత భయపడుతది. ఆయన ఫోను పెట్టేసిండు. ఆ దినమంత మిల్లుల ఎవ్వడు పలకరిచ్చినా కర్సిండు.

సాయంత్రం ఇంటికొస్తె అర్గు మీద సత్తవ్వ ఉన్నది. ఒళ్లె చాట ఉన్నది. ఊర్మిల కాడ అడుక్కున్న గుప్పెడు తంబాకు చాటల ఉన్నది. నల్ల అద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆపరేషనైన కంట్లకెల్లి నీళ్లు కారుతున్నయి. వేళ్లు మాత్రం ఎప్పటి తీర్గనే సర సర నడుస్తున్నయి.

"ఏం చేస్తున్నవే! ముట్టద్దన్నరు గద, కన్ను పోతది!"

"పోనీ. దానెంబడి ఆకలి సుత పోతది."

రాజమల్లు చాటను గుంజబోయిండు. ఆమె ఇడువలే. ఇద్దరి నడుమ తునికాకులు అర్గంత ఎగిరినయి.

"ఆకలికి చాటకు ఏం సంబంధమే?"

"నీకేం తెలుసయ్యా. చాట ముంగటుంటె ఆకలి కాదు. తంబాకు వాసన మొదటి ఘడియల కడుపుల తిప్పుతది, మల్ల అన్ని చల్లవడుతయి. నేను కొత్తగ అచ్చినప్పుడు మీ అవ్వనే నేర్పింది. కుండల నలుగురికి సరిపోను బువ్వ లేకపాయె. పొద్దుగాల్నే చాట నా ఒళ్లె పెట్టింది. 'ముందుగాల ఓ కట్ట కట్టు బిడ్డా, ఆకలి దాంతట అదే సస్తది' అన్నది. నిజంగనే సచ్చింది. మల్ల బియ్యం బాగనే అచ్చినయి, అది మాత్రం లేవలేదు. ఇప్పుడు లేసింది. లేస్తె నువ్వు నా రొట్టెలు లెక్కవెడ్తున్నవ్. గీ సిగ్గు నాకెందుకు? దాన్ని మల్ల సంపుకుంట, ఇడువు."

రాజమల్లు చాట ఇడిసిండు. అర్గు అంచుకు కూలబడ్డడు.

"నీకు షుగరచ్చిందే, సత్తీ" అన్నడు. "మా అవ్వ గిట్లనే తిన్నది. గిట్లనే పోయింది. నువ్వు సుత పోతె నేనేం చెయ్యాలె?"

సత్తవ్వ వేళ్లు ఆగినయి. సగం చుట్టిన బీడీ చేతులనే ఉన్నది.

"గందుకా నా రొట్టె గుంజుకున్నది?"

"మరి ఎందుకనుకున్నవ్?"

"ముసలితనంల పిసినారివైనవనుకున్న." ఆమె కన్ను తుడుసుకున్నది. మందు నీళ్లో, ఏడుపో, ఏదో. చాట పక్కన పెట్టి ఆయన భుజం మీద ఒక్కటి సరిసింది. "మీ అవ్వను తల్సుకొని నన్ను ఎండవెట్టినవా! నోరున్నది గదయ్యా నీకు, మిల్లుల అందరినీ తిడ్తవు, నాకు ఒక్క మాట చెప్తె ఏమైతుండె?"

తెల్లారి జగిత్యాలకు పొయ్యిన్రు. ఏం తినకుంట పరిగడుపున పోవాలె, రక్తం తీస్తందుకు. సత్తవ్వ బస్టాండుల మంచినీళ్లు తాగుకుంట, "నువ్వైతె తినిరా, తొవ్వల హోటలున్నది" అన్నది.

"నువ్వు తినకుంట నేనెట్ల తింట?"

"ముప్పై ఏండ్లు తిన్నవ్ గద."

తిట్టలేదు, ఎత్తిపొడువలేదు, నవ్వుకుంటనే అన్నది. ఐనా రాజమల్లు బస్సుల జగిత్యాలదాక కిటికీలకెల్లి బయటికే సూసిండు.

దవాఖాన లైన్ల ఆయన కడుపు లారీ ఇంజన్ తీర్గ మోగుడు మొదలువెట్టింది. ముంగటున్నోళ్లు ఎనుకకు తిరిగి సూసిన్రు. ఓ ముసలామె అడిగింది, "మీ ఆయనకు సుత పరీక్షనా బిడ్డా?"

"కాదమ్మా. ఆయనది తోడు ఆకలి" అన్నది సత్తవ్వ.

రక్తం తీసినంక, "ఇప్పుడు కడుపు నిండ తినిపిచ్చి తీస్కరా, మల్లొక్కసారి తియ్యాలె" అన్నది నర్సు. కడుపు నిండ! ఎదురుంగ హోటల్ల ఇడ్లీ తెప్పిచ్చిండు. ఆమె తింటుంటె ఒక్కొక్క ఇడ్లీ ఆయన గుండె మీద పడుతున్నది. రెండో ప్లేటు అడుగుతదేమోనని భయం, అడుగకపోతె ఎట్లనని భయం. ఆమె ఆయన మొఖం సూసి తలె జరిపింది. "చాలు తియ్యి, నాకు ఆక..." అని, మాట మధ్యల మింగింది.

ఆయన సప్లయర్ను పిలిచిండు. "ఇంకో ప్లేటు తే" అన్నడు, తన గొంతు తనకే కొత్తగ ఇనబడ్డది.

పగటీలికి కాయితాలొచ్చినయి. లోపల కూసున్న డాక్టరమ్మ చిన్నవయసు పిల్ల. కల్పన కంటె రెండేండ్లు పెద్దగుంటదేమో. కాయితం అటు ఇటు తిప్పింది.

"షుగర్ లేదు. థైరాయిడ్ సుత మంచిగనే ఉన్నది. రక్తం తక్కువున్నది, గంతే."

రాజమల్లు ఇనలే. ఇన్నడు గని నమ్మలే. "మల్లొక్కసారి సూడమ్మా" అన్నడు.

"సూసిన్నే పెద్దనాయినా." ఆమె సత్తవ్వ చేతులు పట్టుకున్నది. వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగి ఉన్నయి. "ఏం పని చేస్తవమ్మా? బీడీలా? ఎప్పుడు బందు వెట్టినవ్?"

"కన్ను ఆపరేషనైనకాడికెల్లి."

"ఆకలి ఎప్పటిసంది?"

సత్తవ్వ ఆలోచన చేసింది. "అప్పటిసందే."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకున్నది. తంబాకుల ఓ విషముంటదన్నది. అది చేతి తోలు గుండ, దుమ్మెంబడి ముక్కు గుండ లోపటికి పోతదట. మెదడుల ఆకలిని సూసుకునే జాగ ఒకటున్నదట. కడుపు కాళీ అయితె అక్కడికి కబురు పంపుతదట. ఆ విషం అడ్డం నిలబడి, 'ఏం కాలె, కడుపు నిండే ఉన్నది' అని అబద్ధం చెప్తదట. రోజూ చెప్తె రోజూ నమ్ముతదట.

"మరి తినకుంట పెయ్యి ఎట్ల నడుస్తది?" అన్నడు రాజమల్లు. హమాలీకి ఆ లెక్క తెలుసు. తినకుంటె బస్తా లేవది.

"ఉన్నదాంట్లనే నడిపిస్తది. పొయ్యి మంట తగ్గిచ్చినట్టు తగ్గిచ్చుకుంటది. సలెక్కువ పెడ్తుండెనా అమ్మా? ఊకె నిద్రొస్తుండెనా?"

మొగడు పెండ్లాం ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. దుప్పటి. కూలరు. చాట మీదికి వంగిన మెడ.

"ఇప్పుడు అబద్ధం చెప్పెటోడు లేడు. అందుకే కడుపు మాట మెదడుకు ఇనబడుతున్నది. ఇన్నేండ్ల బాకీ గద, మొదట్ల జర గట్టిగనే అడుగుతది. తర్వాత దానంతట అదే సర్దుకుంటది. పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టు. రక్తానికి గోలీలు రాస్తున్న."

"అయితె నాది రోగం కాదా?" అన్నది సత్తవ్వ.

"కాదు. నీకు ఆకలైంది. గంతే."

బయటికొచ్చి యాప చెట్టు కింద నిలబడ్డరు. రాజమల్లుకు సంతోషం కావాలె, అయ్యింది సుత. దానెంబడే కోపమొచ్చింది. ఎవ్వల మీద చూపియ్యాల్నో తెలుస్తలేదు. బీడీల మీదనా, తంబాకిచ్చిన కార్ఖానా మీదనా, సచ్చిపోయిన తల్లి మీదనా? తిన్నన్నొద్దులు తల దించి తిన్న తన మీదనా?

"మా అవ్వ గట్ల చెయ్యొద్దుండె" అన్నడు.

"ఆమెనేమనకు. ఆమె సుత గట్లనే సంపుకున్నది. తన దగ్గరున్న మందే నాకిచ్చింది" అన్నది సత్తవ్వ. "పా, తొవ్వల గుడ్లు కొనుక్కుందాం. నాకు మల్ల ఆకలైతంది."

బస్సుల కల్పనకు ఫోను చేసి అంతా చెప్పిండు. "బాపూ, నువ్వు ఏడుస్తున్నవా?" అన్నది కల్పన. "నేనెందుకు ఏడుస్త? కంట్ల దుమ్ము వడ్డది" అని సత్తవ్వకు ఇచ్చిండు ఫోను.

తర్వాత దినాలు రాజమల్లుకు కొత్తగ ఉన్నయి. తొక్కు జాడీ ఊర్మిల ఇంటికెల్లి తిరిగొచ్చింది, సగమై. "మా ఇంట్ల సుత కన్నులున్నయి గదన్నా" అన్నది ఊర్మిల. సత్తవ్వ ఎండల దుప్పటి కప్పుకునుడు ఇడిసింది. ఓ పగలు తనంతట తనే కూలరు ఏసుకొని కూసుంటె ఆయన సూడనట్టు సూసిండు. చాట సజ్జ మీదనే ఉన్నది. "కన్ను మంచిగైతె దించుతవా?" అని ఒక్కసారే అడిగిండు.

"దించినా దించుత. తిన్నంక దించుత" అన్నది.

మిల్లుల ఏసంగి వడ్లు జోరుమీదున్న ఓ సాయంత్రం, రాజమల్లు ఇంటికొచ్చిండు. ఆకలి ఎప్పటి తీర్గ ముందుగాల గడప దాటింది. "తలె పెట్టు!" అన్నడు.

సత్తవ్వ అర్గు మీదనే ఉన్నది, చాట ఉండే జాగల ఒళ్లె తలె పెట్టుకొని. బువ్వ, పప్పు, రెండు ముక్కలు చేసిన ఉడకపెట్టిన గుడ్డు. గోడ దిక్కు కాదు, తొవ్వ దిక్కు మొఖం పెట్టి తింటున్నది. పోయెటోళ్లు వచ్చెటోళ్లు సూస్తున్నరు. సూడనీ అన్నట్టుంది. ఆయనను సూసి లేవబోయింది, ముప్పై ఏండ్ల అలవాటు. సగం లేసి, మల్ల కూసున్నది.

"నేను తింటున్నయ్యా" అన్నది. "కుండల ఉన్నది, పెట్టుకో."

రాజమల్లు లోపటికి పోయి మూత తీసిండు. అడుగున మాడు, నాలుగు మెతుకులు.

"ఇది నాకేడికి సరిపోతదే!"

"మరి ఎసరు పెట్టు. నాకు సుత ఇంకింత కావాలె."

ఆయన కుండ కడుక్కొని, బియ్యం డబ్బా కిందికి దించి, పొయ్యి ముంగట కూసున్నడు. ఎంత పొయ్యాల్నో ఆయనకు తెల్వది. ఎన్నడు పోసిండని. "ఎన్ని గిలాసలు?" అని లోపల్నుంచి ఒర్లిండు. ఆకలికి కడుపు మండిపోతున్నది.

"ఇద్దరికి సరిపోను!" అన్నది అర్గు మీదికెల్లి సత్తవ్వ, నోట్లె బుక్కతోని.